ముప్పై ఎకరాల గరిక: టెక్సాస్ నల్లరేగడిలో ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఉత్తర టెక్సాస్‌లోది. డాలస్ నుంచి కారులో గంటన్నర దూరం. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, కౌంటీ చెప్పను. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను. సొంత భూమిలో పిట్టలకి, చిన్న జంతువులకి పనికొచ్చే పచ్చికను తిరిగి తెచ్చుకోవాలనుకునే వాళ్లకి సలహా ఇవ్వడం, పని దగ్గరుండి చేయించడం నా వృత్తి. ఈ కేసులో మొదటి ఏడాది రెండు నిర్ణయాలు తప్పాయి. రెండోది నాదే. మనవాళ్లు చాలామంది ఇక్కడ ఇలాంటి భూములే కొంటున్నారు. అదే తప్పు ఇంకొకరు చెయ్యకూడదని తెలుగులో రాస్తున్నాను.

నేపథ్యం

మొత్తం 42 ఎకరాలు. అందులో 30 ఎకరాలు గడ్డి కోసి చుట్టలు కట్టే పొలం. మిగతాది వాగు, వాగొడ్డున చెట్లు, ఒక చిన్న కుంట. ఈ ప్రాంతాన్ని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. ప్రెయిరీ అంటే సహజంగా పెరిగిన గడ్డి మైదానం. నేల చూస్తే మన నల్లరేగడే. వాన పడితే చెప్పులకి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. ఒకప్పుడు ఇక్కడ లిటిల్ బ్లూస్టెమ్, బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ లాంటి దేశవాళీ గడ్డి నడుం ఎత్తున పెరిగేది. పత్తి కోసం దాన్నంతా దున్నేశారు. ఆ పాత ప్రెయిరీలో ఇప్పుడు ఒక శాతం కూడా మిగల్లేదు.

పత్తి వెనక్కి తగ్గాక చాలా పొలాల్లో బెర్ముడా గ్రాస్ పెట్టారు. అది మన గరికే. వినాయక చవితికి కోసుకొచ్చే గరిక, ఇక్కడి బెర్ముడా ఒకటే జాతి, సైనోడాన్ డాక్టిలాన్. దానిలోంచి ఎక్కువ మేత వచ్చే సంకర రకాన్ని జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ తయారుచేశారు. 1943లో కోస్టల్ బెర్ముడా పేరుతో అది రైతుల చేతికొచ్చింది. ఆవుల రైతుకి అది నిజంగా మంచి గడ్డి. ఈ భూమికి తూర్పున ఉన్న పొరుగాయన కుటుంబం దానిమీదే బతుకుతోంది. అందుకే ఆ గడ్డిని తిట్టే పని నేనెప్పుడూ పెట్టుకోను. ఇక్కడ సమస్యల్లా, మా యజమానికి ఆవులు అక్కర్లేదు.

పన్ను సంగతి కూడా చెప్పాలి, ఈ కేసు మొదలైందే అక్కడ. టెక్సాస్‌లో వ్యవసాయ భూమికి పన్ను బాగా తక్కువ. 1995లో ఓటర్లు రాజ్యాంగ సవరణకి ఒప్పుకున్నాక, వన్యప్రాణుల కోసం భూమిని నిర్వహించడాన్ని కూడా వ్యవసాయం కిందే లెక్కిస్తున్నారు. భూమి అప్పటికే వ్యవసాయపు లెక్కలో ఉండాలి. ఆవాసం బాగుచేయడం, మట్టి కోత అరికట్టడం, వేటాడే జంతువుల నియంత్రణ, నీళ్లు, మేత, గూళ్లు, లెక్కింపు, ఈ ఏడు పనుల్లో కనీసం మూడు చేయాలి. ప్రణాళిక రాసి పన్ను కోసం భూమి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ ఆఫీసులో ఇవ్వాలి. గూటి పెట్టెలు, నీటి తొట్టి, పిట్టల లెక్క పెట్టుకుని నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు. ఈయన మాత్రం నిజంగా నేల మారాలని కోరుకున్నాడు.

వచ్చిన సమస్య

మొదటిరోజే అడిగాడు: “మేడమ్, ఇక్కడ క్వెయిల్ వస్తాయా?”

బాబ్‌వైట్ క్వెయిల్ మన కౌజుపిట్టకి దూరపు చుట్టం లాంటిది. 1960ల నుంచి దాని సంఖ్య బాగా పడిపోతూ వచ్చింది. నేను నిజం చెప్పాను. క్వెయిల్ ఏళ్ల తరబడి నిలదొక్కుకోవడానికి 42 ఎకరాలు సరిపోవు. చుట్టుపక్కల పొలాల్లో ఉంటే ఇక్కడికి రావచ్చు, రాకపోనూవచ్చు. డిక్‌సిసెల్, మెడోలార్క్ లాంటి పచ్చిక పిట్టలు మాత్రం వస్తాయని ఆశ పెట్టుకోవచ్చు అన్నాను. ముందే ఇది చెప్పకపోతే మూడో ఏట గొడవ వస్తుంది. ఆయన ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాం.

గరికతో ఏమిటి ఇబ్బంది అని ఆయన భార్య అడిగింది. ఆవిడని పొలంలోకి తీసుకెళ్లి మోకాళ్లమీద కూర్చోమన్నాను. క్వెయిల్ పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు తుమ్మెదంత ఉంటుంది. మొదటి వారాల్లో దాని ఆహారం పురుగులే. నేలమీద నడుస్తూ ఏరుకోవాలి. దేశవాళీ గడ్డి దుబ్బులు దుబ్బులుగా పెరుగుతుంది. దుబ్బుకీ దుబ్బుకీ మధ్య ఖాళీ నేల ఉంటుంది, అక్కడ పూల మొక్కలు మొలుస్తాయి, వాటిమీద పురుగులుంటాయి, పైన ఆకుల గొడుగు ఉంటుంది. దుబ్బు మొదట్లో గూడు పెట్టుకోవచ్చు. గరిక అలా కాదు, చాప పరిచినట్టు అల్లుకుంటుంది. ఆ అల్లికలో పిల్ల నడవలేదు, ఇంకో మొక్క మొలవలేదు. ఆవిడ గరికలోకి వేలు గుచ్చి చూసింది. వేలు నేలని తాకలేదు.

పని మొదలుపెట్టే ముందు వంద అడుగుల లెక్క తీశాను. పొలంలో ఒక గీత వెంట నడుస్తూ ప్రతి అడుగుకీ బూటు మొన దగ్గర ఏ మొక్క ఉందో రాసుకోవడం. వందలో 94 సార్లు గరికే. ఈ లెక్క ఏటా అక్టోబరులో అదే గీతమీద తీస్తూ వచ్చాం. కంటికి కనిపించేదాన్ని నమ్మితే మోసపోతాం, అది తర్వాత మీకే తెలుస్తుంది.

మొదటి ప్రయత్నం: దున్నడం

అప్పుడు యజమాని నాన్నగారు ఆర్నెల్లు ఉండటానికి ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. జీవితమంతా నల్లరేగడిలో పత్తి, శనగ పండించిన మనిషి. నేను కలుపు మందు మాట ఎత్తగానే అడ్డుపడ్డారు.

“అమ్మాయీ, గరిక, తుంగ సంగతి నాకు తెలుసు. రోహిణి కార్తెలో లోతు దుక్కి వేసి తిరగేస్తే వేళ్లు ఎండకి మాడిపోతాయి. మందెందుకు?”

“బాబాయిగారూ, ఇక్కడ వాన లెక్క వేరండీ,” అన్నాను కానీ గట్టిగా చెప్పలేదు. ఆయన చెప్పినదానిలో శాస్త్రం ఉంది. గరిక భూమిలో పాకే కాడలతో బతుకుతుంది. వాటిని పైకి తెచ్చి వారాల తరబడి ఎండబెడితే చస్తుంది. మందు లేకుండా అయ్యేదైతే నాకూ అదే ఇష్టం. అందుకని మూడు ఎకరాలు ఆయన పద్ధతికి వదిలాం.

మే చివర్లో దున్నించాం. మన దగ్గర రోహిణి కార్తె అంటే రోళ్లు పగిలే ఎండ, ఆ తర్వాత వానాకాలం. ఉత్తర టెక్సాస్‌లో ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడేది మే నెలలోనే, జూన్‌లోనూ పడుతుంది. నేలా అదే, గడ్డీ అదే, ఎండాకాలమే వేరు. దున్నిన తొమ్మిదో రోజు వాన పడింది. నాగలికి తెగిన ప్రతి ముక్కా కణుపు దగ్గర వేరు పెట్టింది. జూలై చివరికి ఆ మూడు ఎకరాల్లో గరిక మిగతా పొలం కంటే చిక్కగా ఉంది. పెద్దాయన గట్టుమీద చాలాసేపు నిలబడి చూశారు. “ఇక్కడి కార్తెలు నేను నేర్చుకోలేదు,” అన్నారు. ఆ మాట నాకు గుర్తుండిపోయింది. గట్టిగా చెప్పాల్సిన నేను మొహమాటపడ్డాను, ఆయన మాత్రం పొరపాటుని పట్టించుకుని చూశారు.

రెండో ప్రయత్నం: ఆగస్టు స్ప్రే

ఇది నా తప్పు. మిగిలిన 27 ఎకరాలకి గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టించాలని అనుకున్నాం. లైసెన్సున్న స్ప్రే కాంట్రాక్టరుకి ఆగస్టు రెండో వారంలో మాత్రమే ఖాళీ దొరికింది. వానలు పడి అయిదు వారాలైంది. గడ్డి బూడిద రంగులోకి తిరిగింది. పైగా అంతకు కొన్నాళ్ల ముందే కోత కోసి ఉన్నారు. వద్దని చెప్పాల్సింది. యజమాని టెన్షన్ చూసి, కాంట్రాక్టరు మళ్లీ దొరకడేమోనని ఒప్పుకున్నాను.

గ్లైఫోసేట్ ఆకులోంచి లోపలికి వెళ్లి, మొక్క తన తిండిని కిందికి పంపే దారిలో వేళ్లకి చేరాలి. దాహంతో ఉన్న మొక్క ఆ పని ఆపేస్తుంది. కోసిన మోళ్లకి మందు పట్టే ఆకే లేదు. ఇంకో రెండు కారణాలు తర్వాత తెలిశాయి. గ్లైఫోసేట్ మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, అందుకే ఆకులమీద నల్లమట్టి దుమ్ము ఉంటే మందు దుమ్ములోనే ఆగిపోతుంది. ట్యాంకులో కలిపింది బోరు నీళ్లు. వాటిలో కాల్షియం ఎక్కువ, అదీ మందుని పట్టేస్తుంది. ఆ తర్వాత నుంచి నీళ్లు ముందే పరీక్ష చేయించి, అమ్మోనియం సల్ఫేట్ కలిపాకే మందు పోశాం.

రెండు వారాలకి పొలం పసుపు రంగులోకి వచ్చింది. యజమాని సంబరంగా ఫొటో పంపాడు. సెప్టెంబరు వానలకి మళ్లీ పచ్చబడింది. అక్టోబరు లెక్క: వందలో 88. డబ్బు, ఒక సీజను పోయాయి. మందు అనవసరంగా నేలమీద పడింది. ఆ చివరి విషయం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆగి ఆలోచించిన చలికాలం

డిసెంబరులో ముగ్గురం కూర్చుని మొదటినుంచి మాట్లాడుకున్నాం. అప్పటిదాకా మా ప్రశ్న “గరికని ఎలా చంపాలి” అనే. ఆ రోజు ప్రశ్న మారింది: గరిక పోయిన నేలలోకి ముందు ఎవరొస్తారు? నల్లరేగడి ఖాళీగా ఉండదు. మనం వేసింది రాకపోతే మట్టిలో దాక్కున్న విత్తనం వస్తుంది. అందుకని క్యాలెండరు వెనకనుంచి రాశాం. దేశవాళీ విత్తనం ఎప్పుడు వేయాలి, దానికి ముందు ఎన్నిసార్లు గరిక తల ఎత్తనిచ్చి కొట్టాలి, దానికి ముందు ఏం చేయాలి.

పొలం తగలబెట్టాలా వద్దా అన్నది మొదటి నిర్ణయం. చలికాలం చివర్లో మంట పెడితే గరికకి మేలే జరుగుతుందని నాకు తెలుసు. పాత గడ్డి కాలి, నల్లబడ్డ నేల త్వరగా వేడెక్కి, గరిక ముందుగా చిగురిస్తుంది. అయినా పెట్టించాను. పాత చెత్త కింద దాక్కున్న గరికకి మందు తగలదు. గరికంతా ఒకేసారి, ఒకే ఎత్తున, లేత ఆకుతో పైకి రావాలి. ఫిబ్రవరిలో అనుభవమున్న బృందంతో, కౌంటీలో మంటల నిషేధం లేని రోజు, చుట్టూ గీత దున్ని, గాలి చూసుకుని కాల్పించాం. ఏప్రిల్‌లో పొలం గోల్ఫ్ మైదానంలా ఉంది. పొరుగాయన ట్రక్ ఆపి, “గడ్డి బాగా పెంచుతున్నారు” అని మెచ్చుకుని వెళ్లాడు.

రెండో ఏడాది: మూడుసార్లు, విత్తనం లేకుండా

మూడు స్ప్రేలు. మే చివర్లో గరిక ఆరేడు అంగుళాలు లేచాక ఒకటి. జూలైలో వాన పడిన వారానికి, బతికినవి మళ్లీ చిగురించాక రెండోది. సెప్టెంబరు చివర్లో మూడోది. ఆ చివరిది అన్నిటికంటే ముఖ్యమైనది. చలికి ముందు గరిక తన తిండిని భూమిలోని కాడలకి దాచుకుంటుంది, మందు కూడా దానితోపాటే కిందికి దిగుతుంది. వాన పడకపోతే తేదీ వాయిదా వేయాలని కాంట్రాక్టరుతో ముందే రాసుకున్నాం. మోతాదు లేబుల్‌మీద ఉన్నదే. ఇక్కడ లేబుల్ దాటడం చట్టవిరుద్ధం. వాగు పక్కన ముప్పై అడుగులు, పొరుగాయన కంచె పక్కన ముప్పై అడుగులు వదిలేశాం. మందు గాలికి వెళ్లి ఆయన గడ్డిమీద పడితే ఆయన బతుకుమీద కొట్టినట్టే.

మట్టిలో చాలాకాలం ఉండి గరికని ఇంకా గట్టిగా పట్టే మందులు ఉన్నాయి. ఇమాజపిర్ గురించి కాంట్రాక్టరు గట్టిగానే చెప్పాడు. వద్దన్నాను. అది చెట్ల వేళ్లకీ చేరుతుంది. వాగొడ్డున ఓక్ చెట్లు పొలంలోకి ఎంత దూరం వేళ్లు పంపాయో మనకి కనపడదు.

ఆ ఏడాదంతా పొలం గోధుమరంగు ఎడారిలా ఉంది. అక్టోబరు లెక్కలో గరిక వందకి 9. యజమాని వెంటనే విత్తనం కొందామన్నాడు. ఇక్కడ మేం సగం సగం ఒప్పందానికి వచ్చాం. వాగు వైపు పది ఎకరాల్లో ఆయన కోరినట్టు గడ్డి, పూల మొక్కలు కలిపి విత్తుదాం. మిగిలిన 20 ఎకరాల్లో నేను చెప్పినట్టు వెడల్పాకు పూల మొక్కలు మాత్రమే. వాలుగా ఉన్న చోట మట్టి కొట్టుకుపోకుండా చలికాలానికి ఓట్స్ చల్లాం.

నా ఆలోచన ఇది. పొలంలో గడ్డిజాతి మొక్క నాటేశాక, గరికని మాత్రమే ఏరి చంపే మందు దొరకడం కష్టం, గరికని చంపేది మనం వేసిన గడ్డినీ దెబ్బతీస్తుంది. పూల మొక్కలు ముందు వేస్తే, క్లెథోడిమ్ లాంటి గడ్డిని మాత్రమే చంపే మందు ఇంకో ఏడాది వాడుకోవచ్చు. పార్ట్రిడ్జ్ పీ, ఇల్లినాయ్ బండిల్‌ఫ్లవర్, మాక్సిమిలియన్ సన్‌ఫ్లవర్, ఇవన్నీ దాన్ని తట్టుకుంటాయి. ఇలాంటి భూమిలో వాడటానికి ఆ మందు లేబుల్‌లో అనుమతి ఉందో లేదో ముందు చూసుకున్నాం. తుంగకి మాత్రం అది పనిచేయదు, తుంగ గడ్డిజాతి కాదు. పెద్దాయన ఫోన్‌లో మొదట అడిగింది అదే.

మూడో ఏడాది: జొన్న చుట్టం

మార్చిలో విత్తాం. దేశవాళీ గడ్డి విత్తనం దూదిలా తేలిగ్గా, నూగుగా ఉంటుంది. మామూలు యంత్రంలో ఇరుక్కుపోతుంది. దానికోసం తయారైన డ్రిల్ అద్దెకి తెచ్చాం. వీడియోలో చూసి పెద్దాయన, “మన గొర్రులాంటిదే, జడ్డిగానికి బదులు డబ్బా పెట్టారు,” అన్నారు. లోతు పావు అంగుళం. అంతకంటే లోతుకి వెళ్తే మొలక పైకి రాదు.

మే నెలలో పది ఎకరాలూ చక్కగా పచ్చబడ్డాయి. యజమాని మళ్లీ ఫొటో పంపాడు, గడ్డి వచ్చేసిందని. ఫొటోలో ఆకు మధ్య తెల్లటి ఈనె చూసి నాకు గుండె జారింది. అది జాన్సన్ గ్రాస్. జొన్నకి దగ్గరి చుట్టం, ఆకు చూస్తే ఊళ్లో పెరిగినవాళ్లెవరైనా జొన్నే అనుకుంటారు. కోసిన జొన్న మోడు నుంచి వచ్చిన లేత పిలకలు మేసి పశువులు చచ్చిపోవడం మనకి తెలిసిందే, దీనిలోనూ అదే విషం ఉంటుంది. గరిక చాప కింద దాని విత్తనాలు ఏళ్ల తరబడి పడుకుని ఉన్నాయి. చాప మేమే తీశాం.

అదే వారం 20 ఎకరాల్లోనూ అది మొలిచింది. అక్కడ క్లెథోడిమ్ ఒకసారి మేలో, మళ్లీ ఆగస్టులో కొట్టాం. జాన్సన్ గ్రాస్, మిగిలిన గరిక రెండూ చాలావరకు పోయాయి, పూల మొక్కలు కదల్లేదు. జూలైకి ఆ 20 ఎకరాలు పసుపుపచ్చగా పూసి తేనెటీగలతో హోరెత్తింది.

పది ఎకరాల్లో క్లెథోడిమ్ కొట్టే వీల్లేదు, మేం వేసిన గడ్డీ పోతుంది. గూళ్లు పెట్టే కాలంలో కోత వద్దనేది నా నియమం. ఇక్కడ నియమం దాటాను. ఆ పది ఎకరాల్లో గూడు పెట్టేంత మరుగు ఇంకా లేదు, జాన్సన్ గ్రాస్ కంకి వేస్తే మళ్లీ ఏళ్ల తరబడి విత్తనం పడుతుంది. ముందు నడిచి చూసి, కత్తి ఎనిమిది అంగుళాల ఎత్తున పెట్టి, కంకి వేయకముందే కోయించాం. కింద ఉన్న లేత దేశవాళీ మొలకలకి వెలుతురు దొరికింది. నాలుగో ఏడాది జూన్‌లో వైపర్ వాడాం. మందుతో తడిసిన తాడుని ట్రాక్టరుకి అడ్డంగా, మూడడుగుల ఎత్తున కట్టి లాగడం. జాన్సన్ గ్రాస్ నాలుగైదు అడుగులు లేచి ఉంది, దేశవాళీ గడ్డి మోకాలి దాకా. ఎత్తుగా ఉన్నదానికే మందు అంటింది.

20 ఎకరాల్లో దేశవాళీ గడ్డి విత్తనాన్ని నాలుగో ఏడాది ఫిబ్రవరిలో పూల మొక్కల ఎండు మోళ్ల మధ్య వేశాం. ఏడాది ఆలస్యం. ఆ ఆలస్యానికి యజమాని చాలా బాధపడ్డాడు, రెండుసార్లు నాతో గట్టిగా మాట్లాడాడు. ఆయన కోపం నాకు అర్థమైంది. నాలుగేళ్లుగా డబ్బు పెడుతున్న మనిషి, చుట్టాలు వస్తే చూపించడానికి ఏమీ లేదు.

ఇప్పుడెలా ఉంది

అయిదో ఏడాది అక్టోబరు లెక్క, 20 ఎకరాల్లో వంద అడుగులకి: దేశవాళీ గడ్డి 41, పూల మొక్కలు 35, ఖాళీ నేల 15, గరిక 5, జాన్సన్ గ్రాస్ 4. పది ఎకరాల్లో జాన్సన్ గ్రాస్ ఇంకా 19, గరిక 12. ఒకే భూమి, ఒకే విత్తనం, ఒక ఏడాది తేడా. దున్నిన మూడు ఎకరాలు ఈ పది ఎకరాల్లోనే పడ్డాయి, అందుకని గరిక తేడా మొత్తం ఆలస్యం వల్లే వచ్చిందని అనలేను.

ఆ ఏడాది మే నెలలో డిక్‌సిసెల్ మగపిట్టలు సన్‌ఫ్లవర్ కాడలమీద కూర్చుని పాడాయి. అవి చలికాలం వెనెజువెలా గడ్డి మైదానాల్లో గడిపి ఇంత దూరం వచ్చే పిట్టలు. మెడోలార్క్ గూడు ఒకటి లిటిల్ బ్లూస్టెమ్ దుబ్బు మొదట్లో దొరికింది. బాబ్‌వైట్ జూన్‌లో ఒక పొద్దున కంచె దగ్గర ఒక్కసారి ఈల వేసింది. అది పొరుగాయన వైపు నుంచి. యజమాని కాఫీ కప్పు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడని ఆయన భార్య చెప్పింది. ప్రణాళికలో క్వెయిల్ గడిలో నేను ఇప్పటికీ “లేదు” అనే రాస్తున్నాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

స్ప్రే తేదీని కాంట్రాక్టరు ఖాళీని బట్టి పెట్టను. గడ్డి ఎత్తు, గడిచిన రెండు వారాల వాన చూసి పెడతాను, ఒప్పందంలో అది రాయిస్తాను. విత్తనం కొనేముందు గరికతోపాటు దాని కింద ఏముందో చూస్తాను. పొలంలో నాలుగైదు చోట్ల చాప కొంచెం చంపి, తడిపి, ఒక సీజను వదిలేస్తే మట్టిలో ఏ విత్తనాలున్నాయో బయటపడుతుంది. ఆ చిన్న పని మొదటి ఏడాదే చేసి ఉంటే జాన్సన్ గ్రాస్ సంగతి ముందే తెలిసేది. రైతు అనుభవమున్న పెద్దలు ఇంట్లో ఉంటే, వాళ్లతో మొదటి రోజే కూర్చుని ఇక్కడి వాన నెలల పట్టిక పక్కన పెట్టి మాట్లాడతాను. మా పెద్దాయనకి ఆ పట్టిక ముందే చూపించి ఉంటే ఆ మూడు ఎకరాలు మిగిలేవి.

కంచె వెంట వదిలిన ముప్పై అడుగుల గరిక ఏటా లోపలికి పాకుతోంది. దానికి ముగింపు లేదు. పొరుగాయన పొలం ఉన్నంతకాలం ఏటా సెప్టెంబరులో ఆ అంచు కొట్టాల్సిందేనని ప్రణాళికలో శాశ్వత పనిగా రాశాం. పోయినేడు అదే సమయంలో వినాయక చవితి వచ్చింది. పెద్దాయన మళ్లీ వచ్చి ఉన్నారు, పూజకి గరిక కోయడానికి కంచె వైపు వెళ్లబోతుంటే ఫోన్ చేశాను, అక్కడ మందు కొట్టామని. ఇంటి ముందు పచ్చికలో కోసుకున్నారు. పది ఎకరాలకి వచ్చే జూన్‌లో మళ్లీ వైపర్ బుక్ చేశాం. 20 ఎకరాలకి, కొత్త గడ్డి వచ్చాక మొదటి మంట ఫిబ్రవరిలో, సగం మాత్రమే.